పాపకి బెంగళూరు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటు వచ్చింది. వారానికి పదహారు గంటలే క్లాసులట, మిగతా టైమ్ ఏం చేస్తారు?

పేట అమ్మ | నరసరావుపేట

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్లూ చదవడమే తప్ప నేను రాసింది లేదు. మా పాప ఈ ఏడాది ఎంపీసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఎంసెట్ కూడా రాసింది కానీ ఇంజనీరింగ్ చేయనని మొండికేసింది. తనే అప్లికేషన్ పెట్టుకుని, పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి కూర్చుని బెంగళూరులో హోసూరు రోడ్డు వైపు ఒక చిన్న క్యాంపస్‌లో నాలుగేళ్ల బీఏ ఎకనామిక్స్ సీటు తెచ్చుకుంది. లిబరల్ ఆర్ట్స్ అంటే ఒక్క సబ్జెక్టే కాకుండా చరిత్ర, ఫిలాసఫీ లాంటివి కూడా కలిపి చదివిస్తారట. ఫీజులో కొంత స్కాలర్‌షిప్ ఇచ్చారు. అందరూ హాస్టల్లోనే ఉండాలట.

హాస్టల్ మాకు కొత్త కాదు. ఇంటర్ రెండేళ్లూ విజయవాడ పక్కన రెసిడెన్షియల్‌లోనే ఉంది. కానీ వాళ్లు పంపిన టైమ్‌టేబుల్ చూస్తే వారానికి పదహారు గంటలే క్లాసులు. బుధవారం మధ్యాహ్నం నుంచి ఖాళీ! మా వారు ఆ కాగితం పట్టుకుని "ఇన్ని లక్షలు పోసి పిల్లని నిద్రపోవడానికి పంపుతున్నామా" అంటున్నారు. ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు. అలాంటి చోట చదివిన పిల్లలు, చదివించిన పెద్దలు ఎవరైనా ఉంటే అక్కడ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. తిండి, భద్రత, ఇంగ్లిష్ సంగతి కూడా.

మారతహళ్లి బ్రిడ్జి | బెంగళూరు

అక్కా, ఏమనుకోకండి. ఎంసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని బీఏనా? ఎకనామిక్సే కావాలంటే గుంటూరులో చదివినా అదే ఎకనామిక్స్, ఫీజు ఇందులో పదో వంతు కూడా ఉండదు. మా టీమ్‌లో ఒకమ్మాయి ఇలాంటి కాలేజీ నుంచే వచ్చింది. మీటింగుల్లో అదరగొడుతుంది. జీతం మాత్రం నా దాంట్లో సగం.

అనంత మూడో ఏడు | బెంగళూరు

ఆంటీ, మాది అనంతపురం. మీ పాప చేరబోయేలాంటి క్యాంపస్‌లోనే మూడో సంవత్సరం చదువుతున్నా. కాలేజీ పేరు రాయను, మా జూనియర్లు ఇక్కడ కూడా ఉన్నారు.

అంకుల్ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇంటర్‌లో పొద్దున అయిదింటికి బెల్లు, ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పేదాకా ఎక్కడ కూర్చోవాలో, ఏ పుస్తకం తెరవాలో ఇంకొకరు చెప్తారు. ఆదివారం వచ్చిందంటే టెస్ట్. రెండేళ్లు అలా ఉండి వచ్చినవాళ్లకి సోమవారం పదకొండున్నరకి క్లాస్ అయిపోయి, మళ్లీ క్లాస్ మంగళవారం రెండింటికి అంటే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఏటా జూనియర్లని చూస్తూనే ఉన్నా. కొందరు అలవాటు కొద్దీ అయిదింటికే లేచి టేబుల్ ముందు కూర్చుంటారు, కానీ చదవడానికి గైడు లేదు, క్వశ్చన్ బ్యాంక్ లేదు. మిగతావాళ్లు రాత్రి మూడింటి దాకా సిరీస్‌లు చూసి, టిఫిన్ ఎగ్గొట్టి, పదింటి క్లాసుకి కళ్లు నులుముకుంటూ వస్తారు. వార్డెన్ వచ్చి తలుపు కొట్టడు. లేచావా అని అడిగే దిక్కు లేదు.

అయితే టైమ్‌టేబుల్‌లో ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు. ఒక్కో క్లాసుకి ఇరవై, ముప్పై పేజీల రీడింగ్ ఇస్తారు. ఎవరిదో వ్యాసం, లేకపోతే ఏదో పుస్తకంలో ఒక చాప్టర్. మొదటి సెమిస్టర్‌లో నాకు పేజీకి పావుగంట పట్టేది. నాలుగు కోర్సులకి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. పైగా అసైన్‌మెంట్లు. ఆగస్టులో ఎవరికీ పట్టదు, అక్టోబరు మొదట్లో నాలుగు కోర్సుల సబ్మిషన్లూ ఒకే వారం మీద పడతాయి. ఆ వారం రాత్రిళ్లు కూడా లైబ్రరీలో సీటు దొరకదు.

ఇంక క్లాసు. ముప్పైమందికి లోపే ఉంటాం. బల్లలు గుండ్రంగా వేస్తారు. మా ఎకనామిక్ హిస్టరీ మేడమ్ వచ్చి కూర్చుని, "రైతు అప్పు ఎందుకు తీర్చలేదని ఈ రచయిత అంటున్నాడు? మీ ఊళ్లో అలాగే జరుగుతుందా?" అని అడిగి ఊరుకుంటారు. ఎవరూ నోరు మెదపరు. ఆవిడా మాట్లాడరు. నీళ్ల బాటిల్ మూత తీసి, తాగి, మూత బిగించి, మా వైపే చూస్తూ కూర్చుంటారు. ఆఖరికి ఎవరో ఒకరు తెగించాలి. ఒకసారి నేనే తెగించి మా తాత సొసైటీలో వేరుశెనగ పంట మీద తెచ్చిన అప్పు గురించి చెప్పా, వాన పడని ఏడు దాన్ని ఎలా తిరగరాశారో చెప్పా. మిగతా గంటంతా దాని మీదే నడిచింది. కేరళ అబ్బాయి ఒకడు వాళ్ల రబ్బరు తోట లెక్క తీసుకొచ్చి నాతో వాదనేసుకున్నాడు. అటెండెన్స్ పలికి వెనక బెంచీలో కూర్చుని పోదామంటే ఇక్కడ వెనక బెంచీ లేదు. క్లాసులో మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి.

పేట అమ్మ | నరసరావుపేట

బాబూ, ఓపిగ్గా ఇంత రాశావు, చాలా థాంక్స్. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. మా పాపది మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియమే, కానీ సొంతంగా నాలుగు లైన్లు రాయమంటే రాయదు. రాత్రిళ్లు లైబ్రరీ అంటున్నావు, ఆడపిల్ల కదా.

ఒంగోలు సీనియర్ | హైదరాబాద్

ఆంటీ, నేను అలాంటి కాలేజీలోనే నాలుగేళ్లు చదివి బయటపడ్డా.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకే మొదట గట్టి దెబ్బ తగులుతుంది, ఎందుకంటే వాళ్లు వచ్చనుకుంటారు. ఇంటర్‌లో మనం రాసేది జవాబు, అది ముందే ఎవరో తయారుచేసి పెట్టింది. ఇక్కడ వ్యాసం రాయమంటారు. మొదటి వ్యాసం తిరిగొచ్చినప్పుడు పక్కన "ఇది నీ మాటా, చదివిన పుస్తకంలోదా?" అని పేరా పేరాకీ రాసి ఉంటుంది. నెట్‌లోంచి ఎత్తితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది, ఆ కోర్సులో సున్నా ఇచ్చిన సందర్భాలు చూశా. మా దగ్గర రాయడం నేర్పడానికి వేరే ట్యూటర్లు ఉండేవాళ్లు, మధ్యాహ్నాలు వెళ్లి పక్కన కూర్చుని వాక్యం వాక్యం దిద్దించుకోవచ్చు. సిగ్గుపడి వెళ్లనివాళ్లే వెనకబడ్డారు. మీ పాప చేరితే మొదటి నెల్లోనే వెళ్లమనండి.

భద్రత విషయానికొస్తే, లైబ్రరీ, హాస్టల్ రెండూ కాంపౌండ్ లోపలే. అర్ధరాత్రి నడిచి వచ్చినా ఎవరూ ఏమీ అనరు. బయటికి వెళ్లాలంటే యాప్‌లో లీవ్ పెట్టాలి, మాకైతే అమ్మానాన్నల ఫోన్‌కి మెసేజ్ వెళ్లేది. గేటు దాటాక మాత్రం అది శివారు ఊరు, రాత్రి తొమ్మిది తర్వాత ఆటో దొరకదు, దొరికినా ఎక్కకపోవడమే మంచిది. సినిమాకి వెళ్తే నలుగురు కలిసి క్యాబ్‌లో రావడమే.

తిండి! సాంబారులో బెల్లం. మా మెస్ కమిటీలో దీని మీద ఒక పూట మీటింగ్ జరిగింది, నేనూ ఉన్నా. మనవాళ్లు, తమిళులు ఒక పక్క. కన్నడ పిల్లలు ఇంకో పక్క. అస్సాం అమ్మాయి ఈ గొడవతో సంబంధం లేకుండా చేప ఎప్పుడు పెడతారని మాటిమాటికీ అడుగుతోంది. మెస్ మేనేజర్ నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నాడు. చివరికి రెండు గిన్నెలు పెట్టారు, బెల్లం వేసింది ఒకటి, వేయనిది ఒకటి. కొన్నాళ్లకి వేయనిది మిగిలిపోతోందని ఎత్తేశారు. మళ్లీ మా కందిపొడి డబ్బాలు, ఆవకాయ సీసాలు బయటికి వచ్చాయి. పచ్చడి ఎక్కువే కట్టివ్వండి, రూమ్మేట్లు సగం ఖాళీ చేస్తారు. ఎలక్ట్రిక్ కెటిల్ ఒప్పుకోరు, తనిఖీలో తీసుకుంటారు. జూలై, ఆగస్టుల్లో పల్నాడు పిల్లలకి అక్కడ చలే, స్వెటర్ పెట్టండి.

ఇంకో మాట ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. కామన్ రూమ్‌లో నడిచేది హిందీ. క్లాసులో ఇంగ్లిష్ ఎలాగోలా నెట్టుకొస్తాం, రాత్రి పదింటికి జోకులు హిందీలో పేలుతుంటే నవ్వు రాక కూర్చోవడమే కష్టం. నాకు ఒక సెమిస్టర్ పట్టింది. అప్పుడు నన్ను ఆదుకున్నది గేటు బయట టీ కొట్టు. ఆనేకల్, అత్తిబెలె చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. "ఏమ్మా, తింటిరా?" అని ఆయన పలకరిస్తే చాలు, ఆ పూటకి అన్నం సయించేది.

తాంబరం పాతకాపు | నెల్లూరు

అమ్మా, నేను 1979లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చేరిన వాణ్ని. అప్పటికి ఈ లిబరల్ ఆర్ట్స్ అన్న మాట మాకెవరికీ తెలియదు. పూర్వం ఆ కాలేజీ జార్జ్‌టౌన్‌లో ఉండేది, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చదివింది అక్కడే. 1937లో తాంబరం తరలించారు. 365 ఎకరాల చిట్టడవి, పొద్దున్నే దారికడ్డంగా చుక్కల జింకలు. మగపిల్లలకి సేలయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్ అని మూడు హాళ్లు, అంటే హాస్టళ్లు. కాలేజీ పెద్దదే, రోజూ ఎలక్ట్రిక్ ట్రైన్‌లో వచ్చిపోయేవాళ్లే ఎక్కువ. హాల్లో ఉండేవాళ్లం కొద్దిమందిమి, మాకది వేరే కాలేజీ అనుకోండి.

మీ వారు అడిగిన ఖాళీ టైమ్ మాకూ ఉండేది. దాన్ని నింపింది ఎవరంటే వార్డెన్. ఆయన మా లెక్చరరే, హాలు పక్కనే కాపురం. రాత్రి భోజనాలయ్యాక వరండాలో దీపం వెలుగుతుంటే వెళ్లి తలుపు తట్టేవాళ్లం. మొదట సిలబస్‌లో డౌటు అడిగేవాళ్లం, అది అయిదు నిమిషాల్లో అయిపోయేది, తర్వాత పదకొండింటి దాకా ఎమర్జెన్సీ గురించీ, దేవుడున్నాడా లేడా అనీ, క్రికెట్ గురించీ. మేష్టారమ్మ విసుక్కుంటూనే కాఫీ ఇచ్చేవారు. నేను చదువుకున్నదంటూ ఏదైనా ఉంటే ఎక్కువ భాగం ఆ వరండాలోనే.

కాబట్టి నేను ఫీజు, బిల్డింగులు, స్విమ్మింగ్ పూల్ అడగను. ఒక్కటే అడుగుతా. చదువు చెప్పే మాస్టార్లు క్యాంపస్‌లో కాపురముంటారా, లేక సాయంత్రం బస్సెక్కి ఊళ్లోకి వెళ్లిపోతారా? వెళ్లిపోతే మిగిలేది పిల్లలూ, సెక్యూరిటీ గార్డులూ, వైఫై. దానికి నాలుగేళ్ల హాస్టల్ ఫీజు దండగ.

అనంత మూడో ఏడు | బెంగళూరు

తాతగారూ, మా దగ్గర చాలామంది బస్సెక్కేస్తారు. అయిదుంబావు బస్సు. లోపల ఫ్యాకల్టీ క్వార్టర్లు ఉన్నాయి కానీ కొన్నే. ఆఫీస్ అవర్స్ అని వారానికి రెండు గంటలు రాసి పెడతారు, అప్పుడు వెళ్తే నిజంగానే కూర్చోబెట్టి మాట్లాడతారు. వరండా లెవెల్లో ఉండదు, కాఫీ మెషీన్‌దే. క్వార్టర్లలో ఉండే ఫిలాసఫీ సార్ ఒకరు ఆదివారం సాయంత్రాలు నడకకి వెళ్తూ ఎవరు వస్తే వాళ్లని వెంటబెట్టుకుంటారు. ఆయన కోర్సులో సీట్లు రిజిస్ట్రేషన్ తెరిచిన గంటలో అయిపోతాయి.

తడ లోకల్ | తిరుపతి జిల్లా

బెంగళూరు దాకా ఎందుకండీ? అందరూ చెన్నై కాలేజీ అనుకునే క్రియా యూనివర్సిటీ ఉన్నది మన శ్రీసిటీలోనే, ఆంధ్రలోనే. డిగ్రీ బ్యాచ్‌లు 2019లో మొదలయ్యాయి. చెన్నై నుంచి సూళ్లూరుపేట వెళ్లే లోకల్ ఎక్కి తడలో దిగితే దగ్గరే. చుట్టూ ఫ్యాక్టరీలు, సాయంత్రం షికారుకి వెళ్దామంటే ఏమీ లేదు. అది కూడా ముందే చెప్తున్నా.

కర్నూలు నాన్న | కర్నూలు

అందరూ మంచి మాటలే రాస్తున్నారు, నాదీ వినండి. మావాడిని ఇలాంటి చిన్న కాలేజీలోనే వేశాం. రెండో సెమిస్టర్ మధ్యలో తిరిగొచ్చేశాడు. అటెండెన్స్ పడిపోయిన సంగతి మాకు సెమిస్టర్ అయిపోయాక తెలిసింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే "అబ్బాయికి పద్ధెనిమిది నిండాయి సార్, అతను ఒప్పుకోకుండా మీకు వివరాలు ఇవ్వలేం" అన్నారు. ఇంటర్‌లో వీక్లీ టెస్ట్‌లో రెండు మార్కులు తగ్గితే రాత్రికి ఎస్సెమ్మెస్ వచ్చేది. ఒక్క వేసవి సెలవుల్లో పిల్లాడు అంత పెద్దవాడైపోతాడా?

రెండోది. రూమ్మేట్లతో ఏదో మాటా మాటా వచ్చింది. పెద్ద కాలేజీ అయితే ఇంకో గుంపు చూసుకుంటాడు. అక్కడ క్లాసులో వాళ్లే, మెస్‌లో వాళ్లే, షటిల్ కోర్టులో వాళ్లే. భోజనానికి అందరూ వెళ్లిపోయాక వెళ్లేవాడట. ఇంటికొచ్చాక చెప్పాడు. ఇప్పుడు కర్నూల్లోనే బీకాం చేస్తున్నాడు, బాగున్నాడు.

ఒంగోలు సీనియర్ | హైదరాబాద్

అంకుల్ చెప్పిన రెండోది నూటికి నూరుపాళ్లు నిజం. మా క్యాంపస్‌లో మధ్యాహ్నం ఎవరైనా విడిపోతే రాత్రి భోజనాల వేళకి మెస్ వడ్డించే అన్నకి కూడా తెలిసిపోయేది. దాక్కోవడానికి చోటుండదు. నచ్చినవాళ్లకి అదే బలం, జ్వరం వస్తే పక్క రూములవాళ్లు కంచం పట్టుకుని వస్తారు. గొడవ పడినవాళ్లకి మాత్రం నరకమే.

కౌన్సెలర్లు ఉన్నారా, ఎంతమంది, అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకి దొరుకుతుంది అని కూడా కనుక్కోండి ఆంటీ. సబ్మిషన్ల సీజన్‌లో మాకు వారాలు పట్టేది. అంతదాకా ఆగలేని పరిస్థితి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఏ వేళ చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. పాప ఫోన్‌లో సేవ్ చేయించండి, వాడే అవసరం రాకపోయినా.

మొదటిదాని మీద మాత్రం నేను కాలేజీ పక్షమే. నాకు ఒక కోర్సు పోయినప్పుడు ఇంటికి ఎస్సెమ్మెస్ వెళ్లి ఉంటే నాన్న వచ్చి తీసుకెళ్లిపోయేవారు. వెళ్లలేదు కాబట్టి నేనే మళ్లీ రాసి గట్టెక్కా.

కర్నూలు నాన్న | కర్నూలు

నువ్వు గట్టెక్కావమ్మా. గట్టెక్కనివాళ్ల తల్లిదండ్రులకి ఎవరు చెప్తారు?

డిగ్రీ మాస్టారు | కడప

ఆ గొడవ తెగేది కాదు కానీ, చేరే ముందే తల్లిదండ్రులకి వివరాలు చెప్పడానికి పిల్లల చేత అనుమతి ఫారం రాయించుకునే కాలేజీలు ఉన్నాయి. అడగండి. పాపతో మాట్లాడి ఆమె ఇష్టంతోనే సంతకం పెట్టించండి.

చదువు విలువ గురించి. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏడాది చివర మామూలు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడు కూడా ఉంటే ఆనర్స్ డిగ్రీ. నాలుగేళ్లు పూర్తిచేసి 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది, యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది. 2024 నుంచి అలాంటివాళ్లని యూజీసీ నెట్ పరీక్ష కూడా రాయనిస్తున్నారు.

స్కాలర్‌షిప్ నాలుగేళ్లకీ ఖాయమా, ఏటా గ్రేడ్ చూసి రెన్యువల్ చేస్తారా? ఇది రాతపూర్వకంగా తీసుకోండి. బెంగళూరులోనే అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది, 2015లో డిగ్రీ మొదలుపెట్టారు, 2021 నుంచి సర్జాపుర క్యాంపస్‌లో నడుస్తోంది. వాళ్లు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు, హాస్టల్, భోజనం ఖర్చుల్లో సాయం చేస్తారు. మార్కుల మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌కీ, ఆదాయం చూసి ఇచ్చేదానికీ తేడా రెండో ఏడాదిలో తెలుస్తుంది.

బ్యాంకు కౌంటర్ | విజయవాడ

మిగతా డబ్బుకి లోన్ అనుకుంటే: నాలుగు లక్షల దాకా హామీ అడగకూడదు, ఏడున్నర దాటితే మామూలుగా ఇల్లో పొలమో పెట్టమంటారు. చదువు అయ్యాక ఒక ఏడాది వరకు కంతులు ఉండవు, వడ్డీ మాత్రం లెక్కపడుతూనే ఉంటుంది. ఆ వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. బీఏకి లోనా అని బ్రాంచిలో మొహం చిట్లిస్తారు, పట్టించుకోకండి. అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు ఉంటే అప్లికేషన్ తీసుకోవాల్సిందే.

మారతహళ్లి బ్రిడ్జి | బెంగళూరు

వరండాలు, కాఫీలు బాగున్నాయి. ఒంగోలు సీనియర్ గారూ, మీ క్లాస్‌మేట్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అది చెప్పండి.

ఒంగోలు సీనియర్ | హైదరాబాద్

దాపరికం ఏముంది. నేను ఒక రీసెర్చ్ సంస్థలో ఉన్నా, సర్వేల పని, ఎక్కువగా పాలమూరు ఊళ్లలో తిరుగుతా. నా రూమ్మేట్ కర్ణాటకలోని యాద్గిర్ జిల్లాలో బడి టీచర్. ఇద్దరు ఢిల్లీలో ఎంఏ, ఒకతను డేటా అనలిటిక్స్‌లోకి వెళ్లి మీ అంత సంపాదిస్తున్నాడు. సివిల్స్ అంటూ ఇంట్లో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. క్యాంపస్‌కి కంపెనీలు వస్తాయి కానీ ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చినట్టు బస్సులేసుకుని రావు.

మారతహళ్లి బ్రిడ్జి | బెంగళూరు

నేను చెప్పేదీ అదే. తెలిసి వెళ్తే సరే.

పేట అమ్మ | నరసరావుపేట

మా వారు రాత్రి ఈ థ్రెడ్ అంతా కూర్చుని చదివారు. జీతాల గోల ఆయన పట్టించుకోలేదు. నెల్లూరు పెద్దాయన చెప్పిన మాస్టార్ల బస్సు, కర్నూలు అన్నయ్యగారి అటెండెన్స్ సంగతి, ఈ రెండూ పట్టుకున్నారు. నేనే వెళ్లి చూసొస్తా అంటున్నారు, పాపని కూడా తీసుకెళ్తారట. పాప అయితే క్వార్టర్లలో ఉండే సార్‌లాంటి వాళ్లు అక్కడ ఎంతమందో లెక్కపెట్టి వస్తానంటోంది. మాకు కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది, యశ్వంతపూర్‌లో దిగాక అటు ఎలా వెళ్లాలి? శనివారం వెళ్తే కుదురుతుందా?

అనంత మూడో ఏడు | బెంగళూరు

శనివారం వద్దు ఆంటీ. సగం మంది ఊళ్లోకి పోతారు, అడ్మిషన్ వాళ్లు అద్దాల బిల్డింగు చూపించి పంపేస్తారు. మామూలు రోజు వెళ్లమనండి. యశ్వంతపూర్‌లోనే మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి ఆర్.వి. రోడ్డులో మారితే బొమ్మసంద్ర వైపు ఎల్లో లైన్ ఉంది, హోసూరు రోడ్డు పొడవునా వెళ్తుంది. చివరి స్టేషన్ల దగ్గర దిగి క్యాబ్ తీసుకుంటే ట్రాఫిక్ బాధ చాలావరకు తప్పుతుంది. ఏదైనా ఒక క్లాసులో కూర్చోనిమ్మని ముందే మెయిల్ పెట్టండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. సాయంత్రం అయిదింటి దాకా ఉంటే బస్సు సంగతి అంకుల్‌కే కనిపిస్తుంది.

పేట అమ్మ | నరసరావుపేట

సరే బాబూ. భోజనం మెస్‌లోనే చేయొచ్చా, బయటివాళ్లకి పెడతారా?

అనంత మూడో ఏడు | బెంగళూరు

కూపన్ కొనుక్కోవాలి, రిసెప్షన్‌లో ఇస్తారు. పన్నెండున్నరకే వెళ్లమనండి, ఒంటిగంట దాటితే పప్పు అడుగంటుతుంది. పొడి డబ్బా వెంట ఉంటే మంచిది.